తెలుగు పాఠ్యంపై ట్రాన్స్‌ఫర్ లెర్నింగ్: ఫలితం రానప్పుడు ఎక్కడ వెతకాలి

లక్షల కొద్దీ తెలుగు సమీక్షలను అనుకూలం, ప్రతికూలం అని వేరుచేయవలసి వచ్చినప్పుడు, ముందే శిక్షణ పొందిన బహుభాషా మోడల్‌ను తీసుకుని, లేబుల్ చేసిన కొద్దిపాటి సమీక్షలతో దానికి మరికొంత శిక్షణ ఇవ్వడం, అంటే ఫైన్‌ట్యూనింగ్ చేయడం పరిపాటి. ఇలా పాత శిక్షణను కొత్త పనికి వాడుకోవడమే ట్రాన్స్‌ఫర్ లెర్నింగ్. ఫలితం రాకపోతే చాలామంది ఇంకా పెద్ద మోడల్ వైపు చూస్తారు. తెలుగు విషయంలో మాత్రం ముందు చూడవలసింది పాఠ్యాన్ని టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టే టోకెనైజర్‌ను.

సమస్య: ఎర్రర్ ఏదీ రాదు, లాస్ (మోడల్ చేసే తప్పుల కొలత) తగ్గుతూనే ఉంటుంది, కానీ ఖచ్చితత్వం ఒక స్థాయి దాటదు.

కారణం: 2018లో గూగుల్ విడుదల చేసిన మోడల్ అయిన బహుభాషా బెర్ట్‌లో కేస్డ్, అన్‌కేస్డ్ అని రెండు రూపాలున్నాయి: మొదటిది ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను ఉంచుతుంది, రెండోది అన్నింటినీ చిన్నబడిలోకి మారుస్తుంది. తెలుగుకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు కనుక ఏదైనా ఒకటే అనిపిస్తుంది, కానీ అన్‌కేస్డ్ రూపం ఐరోపా భాషల యాసగుర్తులను (é పై గీత వంటివాటిని) తీసివేయడానికి యూనికోడ్‌లో ‘ఎంఎన్’ (అక్షరానికి అతుక్కుని, విడిగా చోటు తీసుకోని గుర్తుల) వర్గానికి చెందిన గుర్తులన్నింటినీ తొలగిస్తుంది. మన దీర్ఘం, గుడి, ఏత్వం, ఓత్వం, పొల్లు ఆ వర్గంలోనివే. కొమ్ములు మరో వర్గానివి కావడంతో మిగిలిపోతాయి. అందువల్ల కాలు, కీలు, కోలు మూడూ ‘కలు’ అవుతాయి, ‘బాగాలేదు’ అన్నది ‘బగలదు’గా మోడల్‌కు చేరుతుంది, ‘అమ్మ’ కాస్తా ‘అమమ’ అవుతుంది. ఇంత చెరిగిన పాఠ్యం నుంచి కూడా మోడల్ ఎంతో కొంత నేర్చుకుంటుంది కాబట్టే ఈ లోపం నెలల తరబడి బయటపడదు.

పరిష్కారం: శిక్షణకు ముందే పది వాక్యాలను టోకెన్లుగా మార్చి తెరపై అచ్చువేసి కళ్లతో చదవాలి. గుణింతాలు కనిపించకపోతే కేస్డ్ రూపానికి మారాలి. భారతీయ భాషల కోసం ఏఐ4భారత్ బృందం చేసిన తొలి ఇండిక్‌బెర్ట్ వాడుతుంటే యాసగుర్తులను ఉంచమనే ఐచ్ఛికాన్ని టోకెనైజర్‌లో ‘ట్రూ’ చేయాలి.

సమస్య: చిన్న సమీక్షలను సరిగా గుర్తించే మోడల్ పెద్దవాటిలో తడబడుతుంది.

కారణం: ప్రత్యయాలు అతుక్కున్న తెలుగు పదం బహుభాషా బెర్ట్‌లో అనేక ముక్కలవుతుంది, 512 టోకెన్ల పరిమితి త్వరగా నిండిపోతుంది, ఆ తర్వాతి భాగం కత్తిరింపుకు గురవుతుంది. కథనూ సంగీతాన్నీ పొగిడి, చివరి వాక్యంలో ‘కానీ ఆకట్టుకోలేదు’ అని తేల్చే సమీక్షలో పోయేది ఆ తీర్పే.

పరిష్కారం: భారతీయ భాషల కోసం తయారైన మోడల్ మురిల్‌లో అదే పాఠ్యం ఎన్ని టోకెన్లవుతుందో లెక్కించి పోల్చాలి. అప్పటికీ పొడవు మించితే మొదటి 128, చివరి 382 టోకెన్లు ఉంచి నడిమి భాగాన్ని వదిలివేయవచ్చు. పాఠ్యం మొదట, చివర చేరే ప్రత్యేక టోకెన్లు రెండింటికీ చోటు మిగులుతుంది.

సమస్య: శిక్షణ మొదలైన కొద్దిసేపటికే మోడల్ అన్నింటికీ ఒకే లేబుల్ ఇస్తుంది.

లెర్నింగ్ రేట్ (ఒక్కో అడుగులో మోడల్ ఎంత మారాలో చెప్పే విలువ) ఎక్కువై పాత జ్ఞానం చెరిగిపోవడమే సాధారణంగా దీనికి కారణం. బెర్ట్ రూపకర్తలు సూచించిన 0.00002 నుంచి 0.00005 వరకు ఉన్న విలువలతో, మొదట్లో రేటును మెల్లగా పెంచే వార్మప్‌తో, డేటా మొత్తాన్ని ఒకసారి చదివించడం ఒక ఎపోక్‌గా రెండు నుంచి నాలుగు ఎపోక్‌లు నడిపితే చాలావరకు సర్దుకుంటుంది.

సమస్య: పరీక్షలో అద్భుతంగా ఉన్న మోడల్ వాడుకలోకి రాగానే చతికిలపడుతుంది.

కారణం: వెబ్ నుంచి పోగుచేసిన పెద్ద డేటాలో ఒకే పాఠ్యం పదిచోట్ల ఉంటుంది, దాని నకళ్లు శిక్షణ భాగంలోనూ పరీక్ష భాగంలోనూ పడతాయి. పాఠ్యం నుంచి లెక్కించే చిన్న గుర్తింపు సంకేతమైన హ్యాష్‌తో నకళ్లను తీసేశామనుకున్నా తెలుగులో అది చాలదు: ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాల మధ్య కంటికి కనిపించకుండా అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒక ప్రతిలో ఉండి మరొక ప్రతిలో లేకపోతే హ్యాష్‌కు అవి రెండు వేర్వేరు పాఠ్యాలు.

పరిష్కారం: పోలిక కోసం ఆ గుర్తునూ అదనపు ఖాళీలనూ తొలగించిన ప్రతిని తయారుచేసి, స్వల్ప తేడాలున్నా పోలికను పట్టే పద్ధతి అయిన మిన్‌హ్యాష్‌తో దగ్గరి నకళ్లను ఏరివేసిన తర్వాతే డేటాను విభజించాలి, విభజన కూడా యాదృచ్ఛికంగా కాక తేదీని బట్టి, అంటే పాతవి శిక్షణకు, కొత్తవి పరీక్షకు వచ్చేలా ఉండాలి. వాడుకలో వచ్చే సమీక్షలు రోమన్ లిపిలో రాసిన తెలుగైతే పరీక్ష భాగంలోనూ అవి ఉండి తీరాలి. అటువంటి పాఠ్యం లేబుల్ లేకుండా పెద్దయెత్తున దొరుకుతుంది కాబట్టి, ఫైన్‌ట్యూనింగ్‌కు ముందు దానిపై మాస్క్ చేసిన (దాచిన) పదాలను ఊహించే శిక్షణను కొనసాగించడం మేలు. పరీక్షకు కేటాయించిన సమీక్షలను మాత్రం అందులో కలపకూడదు.