వరి కయ్యలో ఉండేది వరద నీళ్లా, నాట్ల నీళ్లా: శాటిలైట్ బొమ్మలో ఎట్లా కనుక్కోవాలి

తుఫాను పట్టినప్పుడల్లా నెల్లూరు దగ్గరుండే కోవూరు పక్కనుంచి మా మామ ఫోన్ చేసి "అల్లుడూ, పైనుంచి చూసి చెప్పు, కయ్యల్లోకి పెన్న నీళ్లు ఎక్కినాయా" అని అడుగుతాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎవరైనా చూసుకోవచ్చు, ల్యాప్‌టాప్ ఉంటే మేలు, ఫోన్‌లో అయినా పనవుతుంది, పైసా ఖర్చు లేదు.

కోపర్నికస్ బ్రౌజర్ అని వెతికి ఓపెన్ చేయండి, యూరప్ వాళ్ల సెంటినెల్ శాటిలైట్ల బొమ్మలు అందులో ఫ్రీగా పెడతారు. ఈమెయిల్‌తో అకౌంట్ చేసుకుని సెర్చ్‌లో ఊరి పేరు కొట్టండి, చిన్న పల్లె దొరక్కపోతే నెల్లూరు కొట్టి పెన్న వెంబడే జరుపుకుంటా పోండి.

మొదట సెంటినెల్-2 పెట్టండి, ఎల్2ఏ అని ఉండేది తీసుకోండి, గాలి పొరల మసక తీసేసిన బొమ్మ అది. ఇది కెమెరా లాంటిదే గానీ 13 రకాల వెలుతుర్ని విడివిడిగా పట్టుకుంటుంది, అందులో మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంది. బొమ్మలో ఒక్కో చుక్క 10 మీటర్లకి 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు, మన నెల్లూరు అంకణాల్లో దాదాపు 30. ఎకరాకి 40 చుక్కలు పడతాయి కాబట్టి రొయ్యల గుంట స్పష్టంగా తెలుస్తుంది, గుంటలో తిరిగే ఏరేటర్ తెలీదు. ఫాల్స్ కలర్ నొక్కితే పైరు ఎర్రగా, నీళ్లు నల్లగా వస్తాయి, ఎందుకంటే పచ్చి ఆకు ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. పచ్చదనం ఎంతుందో చెప్పే ఎన్‌డీవీఐ అనేది కూడా దీని మీద కట్టిన లెక్కే, దుక్కి దున్నిన నేల 0.2 లోపు, దట్టంగా ఎదిగిన వరి 0.7 పైన ఉంటుంది. కలుపైనా సర్కారు తుమ్మైనా దానికి పచ్చే, ఏ పైరో అది చెప్పదు.

అసలు ఇబ్బంది ఏందంటే మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా బొమ్మ కావాల్సిన రోజుల్లోనే మబ్బు కమ్మేసి సెంటినెల్-2 లో తెల్ల దూది తప్ప ఏమీ కనపడదు. అప్పుడు సెంటినెల్-1 కి మారాలి, అది రాడార్, తనే 5 సెంటీమీటర్ల చిల్లర పొడుగుండే అలల్ని కిందికి పంపి, తిరిగి వచ్చిన వాటిని కొలుస్తుంది, అందుకే దానికి మబ్బు అడ్డం కాదు, రాత్రి అయినా పర్లేదు. లేయర్లలో వీవీ అని ఉండేది పెట్టండి. కదలకుండా ఉండే నీళ్లు అద్దం లాంటివి, పడిన అల అవతలి పక్కకి జారిపోతుంది, శాటిలైట్‌కి ఏమీ తిరిగి రాదు, బొమ్మలో నలుపు. ఇళ్లు, గోడలు గట్టిగా వెనక్కి కొడతాయి, నెల్లూరు టౌన్ తెల్లగా మెరుస్తా ఉంటుంది.

ఇక్కడే నేను మొదటిసారి తప్పు చెప్పినా. డిసెంబరు బొమ్మలో కయ్యలన్నీ నల్లగా ఉంటే "మామా, మునిగింది" అన్నా, ఆయన పొలానికి పోయి చూస్తే ముందు రోజే దమ్ము చేసి నాట్లేసి నీళ్లు కట్టినారు, అంతే. రాడార్‌కి రెండూ నీళ్లే. అందుకని ఒక్క బొమ్మ చూసి ఎప్పుడూ చెప్పకండి. 12 రోజుల వెనకటి బొమ్మ, 24 రోజుల వెనకటిది తీసి కంపేర్‌లో పక్కపక్కన పెట్టండి, మూడూ ఒకే దిక్కు నుంచి తీసినవై ఉండాలి, అసెండింగ్ (శాటిలైట్ దక్షిణం నుంచి ఉత్తరానికి పోతా తీసింది) అయితే అన్నీ అసెండింగ్, లేకపోతే ఊరికే తేడా కనపడి మోసం చేస్తుంది. నాట్ల నలుపు గట్టు దగ్గర ఆగిపోతుంది, కయ్య ఆకారం అట్లే ఉంటుంది, ఒకచోట ముందు, ఒకచోట వెనక వస్తుంది. వరద నలుపు గట్టు, డొంక చూడదు, ఏటి నుంచో వాగు నుంచో అతుక్కుని పరుచుకుంటుంది. రొయ్యల గుంటలు నీళ్లు పెట్టి ఉంటే ఎప్పుడూ నలుపే, వాటిని లెక్కలోంచి తీసేయండి. గాలి గట్టిగా ఉండి నీళ్లు అలలు కొడుతుంటే మునిగిన చోటు కూడా తెల్లబడుతుంది, అదొకటి గుర్తు పెట్టుకోండి.

చెయ్యి తిరగాలంటే 2021 నవంబరు పెట్టి చూడండి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన వరద అది, ఆ నెల మొదటి వారం బొమ్మ, 20 తర్వాత దొరికే మొదటి బొమ్మ రెండూ పెడితే పైన చెప్పిన తేడా అర్థమవుతుంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి పోయిన నైసార్ అనే నాసా-ఇస్రో శాటిలైట్‌లో రెండు రాడార్లు ఉన్నాయి, ఆ సాయంత్రం మిద్దెక్కి చూసినోళ్లం మేము. వాటిలో ఎల్-బ్యాండ్ అనే రాడార్ అల 24 సెంటీమీటర్ల పొడుగు, ఆకుల్లోంచి ఇంకా లోతుకి దిగుతుంది, ఎదిగిన పైరు కింద నిలిచిన నీళ్ల సంగతి తేల్చడానికి అది పనికొస్తుందని నాకు చాలా ఆశగా ఉంది.

ఎవరికైనా చెప్పేటప్పుడు బొమ్మ తేదీ, టైము కలిపి చెప్పండి. అక్కడ చూపించేది యూటీసీ, ఐదున్నర గంటలు కలుపుకుంటే మన టైము. శాటిలైట్ దాటిపోయాక పెన్న మీద ఎగువన ఉండే సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తితే వచ్చిన నీళ్లు మళ్లా బొమ్మ వచ్చేదాకా అందులో ఉండవు, అప్పటిదాకా కట్ట మీద ఉండేవాళ్లకి ఫోన్ చేయడమే.