క్యాష్ క్లియర్ చేసే ముందు ఏ టిక్కులు తీయాలి

కంప్యూటర్ నెమ్మదించినా, సి డ్రైవ్ నిండి ఎర్రగీత పడినా, ఏదైనా సైట్ పాత పేజీనే చూపిస్తున్నా అందరూ చెప్పే మాట ఒకటే: క్యాష్ క్లియర్ చెయ్యండి. సలహా మంచిదే. ఉత్త క్యాష్‌ను తుడిస్తే మీ సొంత సరుకేదీ పోదు. పోగొట్టుకునేవాళ్లు దాని పక్కనున్న టిక్కుల వల్ల పోగొట్టుకుంటారు. బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో హిస్టరీ, కుకీలు, క్యాష్ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. క్రోమ్ వర్షన్లు కొన్నిటిలో ఇంకాస్త లోపలికి వెళితే పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్ (ఫారాల్లో బ్రౌజర్ తనే నింపే పేరు, అడ్రస్ లాంటివి) కూడా అదే వరసలో కనిపిస్తాయి. అన్నిటికీ ఒకేలాంటి చిన్న గడి, కింద ఒకటే బటన్.

క్యాష్, కుకీ, సైట్ డేటా మధ్య తేడా తెలిస్తే సగం ప్రమాదం తప్పినట్టే. క్యాష్ అంటే నకలు. సైట్‌లోని బొమ్మలు, ఫాంట్లు, స్క్రిప్టులు ప్రతిసారీ నెట్ నుంచి దించుకోకుండా బ్రౌజర్ మీ డిస్కులో ఒక ప్రతి పెట్టుకుంటుంది. అసలు ప్రతి సర్వర్‌లో భద్రంగా ఉంటుంది కాబట్టి తుడిచినా మళ్లీ దిగుతుంది. మొదటిసారి పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, కొంచెం డేటా ఖర్చవుతుంది, అంతే. కుకీ మాత్రం సైట్ మీకిచ్చిన గుర్తింపు చీటీ. అది పోతే సైట్ మిమ్మల్ని గుర్తుపట్టదు, మళ్లీ లాగిన్ కావాలి. ఇక సైట్ డేటా అనేది కుకీలతో కలిపి ఒకే టిక్కు కింద ఉంటుంది. అసలు చిక్కు దీనితోనే. నెట్ లేనప్పుడు బ్రౌజర్‌లో మీరు రాసుకున్న డాక్యుమెంట్ మార్పులు, ఇంకా సర్వర్‌కు చేరనివి, అక్కడే ఉంటాయి. వాటికి ఇంకెక్కడా ప్రతి లేదు. అందుకే ఏ గడిలో టిక్కు పెట్టే ముందైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పోతే మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు తుడవాలా?

ఒక్క సైట్ సరిగా రావడం లేదని మొత్తం బ్రౌజర్‌ను తుడిచేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ముందు ఆ పేజీలో కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కండి. బ్రౌజర్ క్యాష్‌ను పక్కనపెట్టి ఆ పేజీని సర్వర్ నుంచి కొత్తగా తెస్తుంది. మాక్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు కమాండ్, షిఫ్ట్, ఆర్ నొక్కాలి.

అప్పటికీ కుదరకపోతే ఇన్‌కాగ్నిటో, అంటే ప్రైవేట్ విండోలో అదే సైట్ తెరవండి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి. ఆ విండో పాత క్యాష్‌నూ పాత కుకీలనూ వాడదు. అక్కడా అదే తప్పు కనిపిస్తే లోపం సైట్‌దో నెట్‌దో అయివుంటుంది, మీరు ఎంత తుడిచినా ఫలితం ఉండదు. అక్కడ బాగా వస్తే దోషం క్యాష్‌లోనో కుకీలోనో ఉండొచ్చు, ఎక్స్‌టెన్షన్‌లోనూ (బ్రౌజర్‌కు మీరు తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్) ఉండొచ్చు. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు ఆ విండోలో పనిచేయవు. కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూశాకే తుడిచే పని పెట్టుకోండి. చివరికి తుడవాల్సే వస్తే అడ్రస్‌కు ఎడమవైపున్న చిన్న గుర్తు నొక్కి, ఆ ఒక్క సైట్ డేటాను మాత్రమే తొలగించవచ్చు.

బ్రౌజర్‌లో మొత్తం తుడిచే ముందు

క్యాష్ ఒక్కటే అయితే ఈ భాగం అవసరం లేదు. కుకీలు కూడా తీసేయాలనుకుంటే, మీరు లాగిన్ అయివున్న ప్రతి సైట్ తలుపూ మూసుకుంటుందని గుర్తుంచుకోండి. "ఈ కంప్యూటర్‌ను నమ్ము" అని ఎప్పుడో పెట్టిన టిక్కు కూడా కుకీనే. అది పోయాక సైట్ మళ్లీ కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ మీరు వాడటం మానేసిన పాత నంబర్‌కు వెళుతుంటే అకౌంట్‌లోకి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. ముఖ్యమైన మెయిల్, పని అకౌంట్లు ఇప్పుడే, లాగిన్ అయివుండగానే తెరిచి రికవరీ ఫోన్ నంబర్, మెయిల్ సరిచూసుకోండి. బ్యాకప్ కోడ్‌లు (ఫోన్ అందుబాటులో లేకపోయినా లాగిన్ కావడానికి సైట్ ముందే ఇచ్చేవి) ఉంటే కాగితం మీద రాసుకోండి. ఎన్ని హెచ్చరికలు మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకండి, ఎందుకంటే లాగౌట్ అయి లోపలికి వెళ్లలేకపోతే ఇవేవీ మార్చుకోలేరు.

ఆఫ్‌లైన్‌లో రాసిన డాక్యుమెంట్లు ఏవైనా ఉంటే నెట్ కలిపి, అవి సేవ్ అయినట్టు పైన గుర్తు కనిపించేదాకా ఆగండి.

పాస్‌వర్డ్‌ల గడి కనిపిస్తే అందులో టిక్కు పెట్టకండి. పెట్టాల్సిన సందర్భం దాదాపు ఉండదు. క్రోమ్‌లో సింక్ (మీ పరికరాలన్నిటిలో ఒకే డేటా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇక్కడ తుడిచిన పాస్‌వర్డ్‌లు, హిస్టరీ మీ ఫోన్‌లోనూ ఇంకో ల్యాప్‌టాప్‌లోనూ కూడా పోతాయి. ముందుజాగ్రత్తగా పాస్‌వర్డ్‌లను ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే, ఆ ఫైల్‌కు తాళం ఉండదని తెలుసుకోండి. ఎవరు తెరిచినా అన్నీ చదవొచ్చు. పని కాగానే దాన్ని రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా తీసేయండి.

క్యాష్ ఒక్కదానికే టిక్కు ఉంచి, కాలపరిమితిలో "ఆల్ టైమ్" ఎంచుకుంటే భయం లేదు. కుకీల టిక్కుతో అదే ఎంచుకుంటే పైన చెప్పినదంతా జరుగుతుంది. క్యాష్ ఫోల్డర్‌ను వెతికి చేత్తో డిలీట్ చేయకండి. క్రోమ్‌లో దాని పైనున్న "డిఫాల్ట్" ఫోల్డర్‌లోనే మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి, చెయ్యి ఒక్క మెట్టు జారితే అన్నీ పోతాయి.

విండోస్‌లో

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ ఒకదాని తర్వాత ఒకటి తెరవండి. ఈ జాబితాను పైనుంచి కిందిదాకా చదవకుండా "రిమూవ్" నొక్కవద్దు. పేరుకు టెంపరరీ ఫైల్స్ అయినా ఇందులో "డౌన్‌లోడ్స్" కూడా ఒక గడి. అది మీరు దించుకున్న బిల్లులు, ఫొటోలు, సర్టిఫికెట్లు ఉన్న మీ సొంత ఫోల్డర్. క్యాష్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. విండోస్ 10లో 1809 వర్షన్ నుంచి కొంతకాలం పాత డిస్క్ క్లీనప్‌లోనూ ఈ గడి ఉండేది. అన్నిటికీ టిక్కు పెట్టడం అలవాటైన వాళ్ల ఫైళ్లు అలా పోయాయి. రీసైకిల్ బిన్‌ను కూడా తెరిచి చూశాకే ఖాళీ చేయండి. "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" అనేది చాలా జీబీలు తింటుంది కానీ, కొత్త వర్షన్ నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి అదే ఆధారం. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది, తొందరపడకండి. థంబ్‌నెయిల్స్ (ఫొటోల చిన్న నమూనా బొమ్మలు), డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్ (గేముల గ్రాఫిక్స్ కోసం దాచినది) తీసేస్తే నష్టం లేదు. ఫొటోల ఫోల్డర్ మొదటిసారి నిదానంగా తెరుచుకుంటుంది, గేములు కొద్దిసేపు తడబడతాయి.

ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే టెంప్ ఫోల్డర్‌ను చేత్తో ఖాళీ చేసేవాళ్లు ముందు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్లు కొన్ని రీస్టార్ట్ తర్వాత పూర్తవడానికి అక్కడి ఫైళ్లనే వాడుకుంటాయి. తర్వాత విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, టెంప్ అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందూ వెనకా పర్సెంట్ గుర్తుతో కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్‌ను తేదీ వారీగా పేర్చి, గత రెండు మూడు రోజులవి వదిలేసి పాతవి తీసేయండి. "ఫైల్ వాడకంలో ఉంది" అని వస్తే స్కిప్ చేయండి, బలవంతం వద్దు. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్‌ను నేరుగా తెరిచి, మార్పులు చేసి, సేవ్ మాత్రమే కొట్టే అలవాటుంటే ఆ మార్పులు ఇలాంటి తాత్కాలిక ఫోల్డర్లలోనే చిక్కుకుని ఉండొచ్చు. వాటిని ముందు డాక్యుమెంట్స్‌లోకి తెచ్చుకోండి.

విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ రెండూ ఎంత పెద్దవిగా కనిపించినా ముట్టుకోవద్దు. మొదటిది పోతే కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ కావు, అన్‌ఇన్‌స్టాల్ కూడా కావు. రెండోది విండోస్ సొంత భాగాల గోదాము. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే వేగం పెరుగుతుందన్న మాటా నమ్మకండి. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకున్న సమాచారం అది.

మాక్‌లో అయితే మీ యూజర్ లైబ్రరీలోని క్యాషెస్ వరకే ఆగండి, సిస్టమ్ లైబ్రరీ జోలికి వెళ్లకండి. ఏ యాప్ క్యాష్ తీయాలో ముందు ఆ యాప్‌ను మూసేసి, దాని ఫోల్డర్ ఒక్కటే తీయండి.

టాస్క్ మేనేజర్ మెమరీ భాగంలో "క్యాష్డ్" అని కొన్ని జీబీలు కనిపిస్తే కంగారు పడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను విండోస్ వాడుకుంటోంది, ఏ ప్రోగ్రామ్‌కైనా కావాలంటే వెంటనే ఇచ్చేస్తుంది. ర్యామ్ ఖాళీ చేస్తామనే ప్రోగ్రాములు అందుకే అనవసరం. ఒక్క నొక్కుతో అంతా శుభ్రం చేస్తామనే క్లీనర్లతోనూ జాగ్రత్త. 2017లో సీక్లీనర్ 5.33 వర్షన్‌లోకే మాల్‌వేర్ చొప్పించారు, అది అధికారిక డౌన్‌లోడ్ ద్వారానే జనానికి చేరింది. రిజిస్ట్రీ (విండోస్, ప్రోగ్రాముల సెట్టింగ్‌లు ఉండే చోటు) శుభ్రం చేస్తామంటే అసలే ఒప్పుకోకండి.

వారం వారం తుడవాల్సిన పని లేదు. బ్రౌజర్ క్యాష్‌కు ఒక హద్దు ఉంటుంది, అది దాటితే పాతవి తనే తీసేసుకుంటుంది. తుడిచిన కొద్ది రోజులకే సి డ్రైవ్ మళ్లీ నిండిపోతే ఆ నేరం క్యాష్‌ది అయ్యే అవకాశం తక్కువ. అదే స్టోరేజ్ పేజీలో ఏ యాప్, ఏ ఫోల్డర్ ఎంత జాగా తీసుకుందో చూడండి. చాలాసార్లు ఫోన్ బ్యాకప్‌లు గానీ వీడియోలు గానీ బయటపడతాయి.