పెట్ స్కాన్‌కు బయల్దేరే ముందు

మెడలో గడ్డకు బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని వస్తుంది, అసలు ఎక్కడ పుట్టిందో మాత్రం తేలదు. అలాంటప్పుడు పెట్ సీటీ అనే స్కాన్ రాస్తారు. కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్‌ని నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాల్లా చక్కెర ఎక్కువగా లాక్కునే కణాలు ఫొటోలో మెరుస్తాయి. రక్తంలో అప్పటికే చక్కెర నిండి ఉంటే ఈ మందును లాక్కునేదెవరు? జాగ్రత్తలన్నీ అందుకే.

మా బాబాయిని అమలాపురం నుంచి తీసుకెళ్తూ రావులపాలెంలో టీకి ఆగాం. "తినొద్దన్నారు గానీ తాగొద్దనలేదుగా" అంటూ ఆయన బొండాం తాగేశారు. అసలే షుగర్ మనిషి. తీరా వెళ్తే రీడింగ్ 230, మర్నాడు రమ్మన్నారు. తప్పు మాదే. కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంటుంది. 6 గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. షుగర్ 200 లోపు ఉండాలని చాలాచోట్ల అడుగుతారు. ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ సంగతి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, సొంతంగా ఆపేయకండి.

ముందు రోజు కొబ్బరికాయలు వలవడం, చెరువులో వల లాగడం లాంటి పనులు మానేయాలి. అలసిన కండలు కూడా మెరుస్తాయి. చలికి వణికితే మెడ దగ్గరి ఒకరకం కొవ్వు మెరిసి, వెతికే చోటే గందరగోళం చేస్తుంది. ఏసీ గదిలోకి దుప్పటి తీసుకెళ్లండి. సూది వేశాక గంటసేపు మాట్లాడకుండా, ఏదీ నమలకుండా పడుకోవాలి. మనవాళ్లకి అన్నిటికంటే కష్టం ఇదే.

ఆ మందు శక్తి 110 నిమిషాలకు సగమైపోతుంది. ఆలస్యంగా వెళ్తే మీ కోసం ఆగదు. వరదల రోజుల్లో లంకల నుంచి పడవ మీద రావాల్సినవాళ్లు ముందు రోజే ఇవతలి గట్టున చుట్టాలింట్లో పడుకోవడం మేలు.

పాత రిపోర్టులు, బయాప్సీ కాగితం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు వెంట ఉంచుకోండి. టీబీ వచ్చి ఉన్నా, ఈమధ్య జ్వరం, టీకా, ఆపరేషన్ లాంటివున్నా ముందే చెప్పండి, అవీ క్యాన్సర్‌లాగే మెరవగలవు. గర్భిణులు, పాలిచ్చే తల్లులైతే తప్పనిసరిగా చెప్పాలి. ఇంత చేసినా పుట్టిన చోటు దొరకని సందర్భాలుంటాయి. అది స్కాన్ తప్పూ కాదు, మీ తప్పూ కాదు.

స్కాన్ అయ్యాక నీళ్లు బాగా తాగి, తరచూ మూత్రానికి వెళ్లండి. ఆ రోజంతా చంటిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, తిరుగు బస్సులో గర్భిణుల పక్కన కూర్చోవద్దు.