మహమ్మారి టైంలో స్కూల్ తెరుస్తున్నారా? టీచర్లు ముందు గాలి సంగతి అడగండి

రీఓపెనింగ్ సర్క్యులర్ రాగానే స్టాఫ్ గ్రూప్ నిండా భయం భయం అనే మెసేజ్‌లే, కానీ అదే మాట పట్టుకుని హెడ్మాస్టర్ దగ్గరికెళ్తే "అందరికీ ఉంది మేడం, ఏం చేస్తాం" అని పంపించేస్తారు. అందుకే భయం గురించి కాకుండా గది గురించి మాట్లాడండి, అదీ కాగితం మీద.

తెరిచే ముందే ఒకసారి వెళ్ళి మీ క్లాస్‌రూం చూసుకోండి. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు అందరూ బెంచీలు తుడవడం మీద పడ్డారు గానీ, అది ఎక్కువగా పాకేది గాలిలోంచి అని తర్వాత తేలింది, మూసిన గదిలో సిగరెట్ పొగ ఎలా నిలబడిపోతుందో అలాగే. కాబట్టి కిటికీలు ఎన్ని ఉన్నాయో కాదు, తెరుచుకునేవి ఎన్నో లెక్కపెట్టండి, పెయింట్‌తో బిగుసుకుపోయినవి కిటికీల కింద లెక్క కాదు. ఎదురెదురుగా ఒక కిటికీ ఒక తలుపు తెరిస్తే గాలి ఆడుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, బయట గాలి తేదు, సీలింగ్ ఫ్యాన్ కూడా అంతే.

స్టాఫ్ అంతా కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొనిపించుకోగలిగితే వాదనలు సగం తగ్గుతాయి. ఆరుబయట 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు అని) చుట్టూ చూపిస్తుంది, పిల్లలు కూర్చున్న అరగంట తర్వాత చూస్తే 800 లోపు ఉంటే పర్లేదు, 1500 దాటిందంటే ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తున్నట్టు. అది వైరస్‌ని కొలవదు, గాలి మారుతోందా లేదా అన్నదే చెబుతుంది.

కిటికీలతో పని జరగకపోతే హెపా ఫిల్టర్ (సన్న కణాల్ని పట్టే జల్లెడ లాంటిది) ఉన్న ప్యూరిఫయర్ అడగండి, కానీ ఊరికే "ఒకటి పెట్టండి" అంటే చిన్న డబ్బా తెచ్చి మూలన పెడతారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో గంటకి కనీసం 5 సార్లు గది గాలి మారాలని, లేదా అంత మేర శుభ్రం కావాలని చెప్పింది. 8 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తు ఉన్న గది అంటే 144 ఘనపు మీటర్లు, దాన్ని 5తో గుణిస్తే 720, అంటే ఆ గదిలో ప్యూరిఫయర్లన్నీ కలిపి గంటకి అంత శుభ్రమైన గాలి ఇవ్వాలి. ఈ లెక్క లెటర్‌లో రాసి ఇవ్వండి, అప్పుడు కాదనడం కష్టం. ఇంకో సంగతి, ప్యూరిఫయర్ పెట్టినా మీటర్ రీడింగ్ తగ్గదు, ఎందుకంటే ప్యూరిఫయర్ కణాల్ని పడుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ని కాదు.

గేటు దగ్గర టెంపరేచర్ గన్ చూసి ధీమా పడకండి, కోవిడ్‌లో లక్షణాలు రాకముందే అంటించగలరు. మనుషుల మీద డిస్‌ఇన్ఫెక్టెంట్ స్ప్రే చేసే టన్నెల్స్ అయితే వద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2020లోనే చెప్పింది.

మాస్క్ ఎన్95 అయితే మంచిది, అంచుల దగ్గర గాలి లీకవకుండా ముఖానికి అతుక్కోవాలి, కళ్ళజోడుకి ఆవిరి పడుతుంటే ముక్కు దగ్గర సరిగ్గా నొక్కలేదని అర్థం. రోజంతా మాస్క్‌లోంచి అరిస్తే గొంతు పోతుంది కాబట్టి మైక్ కూడా అడగండి.

అందరూ మర్చిపోయేది స్టాఫ్‌రూం. క్లాస్‌లో అంత జాగ్రత్తగా ఉండి లంచ్‌కి మాస్కులు తీసి చిన్న గదిలో గంటసేపు కబుర్లు చెప్పుకుంటే ఏం లాభం, బయట తినండి, లేదా విడతలుగా.

నా ఉద్దేశంలో గాలి తర్వాత అసలు ప్రశ్న లీవ్. ఒంట్లో బాలేకపోతే రావద్దని బోర్డు పెట్టి, రాకపోతే జీతం కట్ చేస్తే జ్వరంతోనే వస్తారు కదా. జబ్బు లీవ్‌కి జీతం ఉంటుందా, మన క్లాస్ ఎవరు చూస్తారు, కేసు వస్తే ఎవరికి ఎప్పుడు చెప్తారు, ఈ మూడూ తెరవకముందే రాతలో తీసుకోండి. షుగర్, ప్రెగ్నెన్సీ, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ లాంటివి ఉన్నవాళ్ళు డాక్టర్ లెటర్‌తో విడిగా అడగండి, వివరాలు గ్రూప్‌లో పెట్టకండి.

లెటర్ మీద ఒక్కరే కాకుండా పదిమంది సంతకం పెట్టండి, రూం నంబర్, సమస్య, ఏం కావాలి, ఏ తేదీలోపు అని రాసి అందినట్టు సంతకం తీసుకుని కాపీ ఉంచుకోండి. జవాబు రాకపోతే అదే కాపీతో యూనియన్‌కో పై ఆఫీసుకో వెళ్ళండి.