గుండె ఆపరేషన్ తర్వాత పడక పుండ్లు రాకుండా చూసుకోవడం ఎలా?

బైపాస్ గానీ, కవాటం మార్పిడి గానీ అయిన మనిషి దగ్గర అందరి దృష్టీ ఛాతీ కుట్ల మీదే ఉంటుంది. నడుము కింద, మడమల కింద ఏం జరుగుతోందో చూసేవారు తక్కువ. అక్కడ కూడా చూడాలి. ఆపరేషన్ జరిగే కొన్ని గంటలూ రోగి వెల్లకిలా, కదలకుండా ఉంటారు. గుండె పని యంత్రం చేస్తున్నప్పుడు చాలాసార్లు ఒంటిని చల్లబరుస్తారు. రక్తపోటు పడిపోకుండా ఇచ్చే కొన్ని మందులు చర్మానికి వెళ్లే సన్నని రక్తనాళాలను బిగిస్తాయి. ఎముకకూ బల్లకూ మధ్య నలిగిన కండ లోలోపలే దెబ్బతింటుంది. ఆ గాయం రెండు మూడు రోజుల తర్వాత గానీ పైకి కనిపించకపోవచ్చు.

1. ముందే చెప్పండి. షుగరు, రక్తహీనత, కాళ్లలో రక్తప్రసరణ లోపం, పొగతాగే అలవాటు, బాగా చిక్కిపోవడం, ఇదివరకు వచ్చిన పుండ్లు, వీటిలో ఏవి ఉన్నా డాక్టరుకు తెలియాలి. నర్సులు బ్రాడెన్ స్కేలు అనే 6 నుంచి 23 వరకు ఉండే కొలతతో ముప్పును అంచనా వేస్తారు. సాధారణంగా 18 లేదా అంతకు తగ్గితే ముప్పు ఉన్నట్టు. మంచి స్కోరు వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, బల్ల మీద గడిచే గంటలు ఆ లెక్కలోకి రావు.

2. రోజూ చూడండి, తాకండి. పిరుదుల పైభాగం, మడమలు, తల వెనుక, ఆక్సిజన్ గొట్టం ఒరుసుకునే చెవులు, ముక్కు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే వెంటనే నర్సుకు చెప్పాలి. మనలో చాలామంది చర్మం మీద ఎరుపు తేలిగ్గా కనిపించదు. అందుకే చేతి స్పర్శ ముఖ్యం: చుట్టుపక్కల కంటే వేడిగా, చల్లగా, గట్టిగా, మెత్తగా ఉన్నా, ఊదారంగు తేలినా అనుమానించాలి.

3. కదిలించండి, కానీ నర్సు సాయంతోనే. ఒళ్లు తిప్పడానికి సుమారు రెండు గంటలకోసారి అనే వాడుక ఉంది. ఎంత తరచుగా తిప్పాలో రోగిని బట్టి వైద్యులే చెబుతారు. పూర్తిగా పక్కకు కాక, వెనుక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. చంకల్లో చేతులు పెట్టి లాగవద్దు. ఛాతీ ఎముక కోసి కలిపారు, అది ఇంకా అతకలేదు. ఇద్దరు కలిసి కింది దుప్పటితో ఎత్తి జరపాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచాలి. కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే ఆ కుట్ల మీద ఒత్తిడి పడకూడదు. గాలి నింపిన రింగు దిండ్లు వాడవద్దు, ఎర్రబడిన చోట మర్దన చేయవద్దు. రెండూ మేలు కంటే కీడే చేస్తాయి.

4. ఇంటికొచ్చాక కుర్చీలో గంటల తరబడి కూర్చోనివ్వకండి. చేతులతో నెట్టుకుని లేవకుండా కాళ్ల బలంతో లేవమనండి. తడిసిన బట్టలు వెంటనే మార్చండి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప రోజూ అందాలి. కిడ్నీ సమస్య ఉంటే ఎంత తినాలో డాక్టరును అడగండి.

చర్మం చిట్లినా, నల్లబడినా, చీము పట్టినా, వాసన లేదా జ్వరం వచ్చినా ఇంటి వైద్యం చేయకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి చూపించండి.