నిలబడ్డ సైకిల్‌తోనే జాగ్రత్త

మా పాప సైకిల్ మీంచి పడింది ఒక్కసారే. అప్పుడు సైకిల్ కదలడం లేదు.

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పక్క స్టాండు వేసి, నా సైకిల్‌కి ముందు వైపు, హ్యాండిల్ వెనక బిగించిన పిల్లల సీటులో పాపని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కింద ఉన్న నీళ్ల సీసా కోసం వంగాను. రెండు సెకన్లు. పాప బెల్లు అందుకోబోయి పక్కకి వాలింది, హ్యాండిల్ గిర్రున తిరిగింది, సైకిల్ కాస్త ముందుకి జరిగింది, స్టాండు మడుచుకుపోయింది. హెల్మెట్ ముందే పెట్టి ఉండబట్టి చెంప గీరుకోవడంతో సరిపోయింది. హెల్మెట్ మీద మాత్రం పక్కన లోతుగా నొక్కు పడింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి సైకిల్ ఎత్తుతూ "నిధాన మేడమ్, నిధాన" అన్నాడు. కన్నడంలో నిధాన, మనకి నిదానం. ఏ భాషలో విన్నా ఆ రోజు ఆ మాట చురుక్కుమంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, బీటీఎం లేఅవుట్‌లో ఉండే మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసింది. "అక్కా, సైకిల్‌కి బాబు సీటు వచ్చేసింది, ఆదివారం బాబుని ఎక్కించుకుని కబ్బన్ పార్క్‌కి పోతున్నాం" అంది. సీటు ఎప్పుడొచ్చిందే అంటే నిన్న సాయంత్రమట. ఒక్క ఆదివారం ఆగవే తల్లీ అని చెప్పి అరగంట మాట్లాడాను. వానలు, దసరా రెండూ దగ్గర పడ్డాయి కాబట్టి అవే మాటలు ఇక్కడా రాస్తున్నాను.

మన నాన్నల కాలంలో సైకిల్ ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టేవారు. నేనూ గుంటూరులో అలాగే స్కూలుకి వెళ్లాను. "మేం పెంచలేదా" అని నాన్న ఇప్పటికీ అంటారు. పెంచారు. అయితే అప్పుడు నాకు ఐదేళ్లు, హ్యాండిల్ పట్టుకోమంటే పట్టుకునేదాన్ని. ఏడాదిన్నర పిల్లకి ఆ మాట అర్థం కాదు.

ముందుగా వయసు, బరువు. ముందు వైపు బిగించే సీట్లు మామూలుగా 9 కిలోల నుంచి 15 కిలోల దాకా బరువున్న పిల్లలకి చేస్తారు. ఈఎన్ 14344 అనే యూరప్ ప్రమాణంలో ముందు సీటుకి ఉన్న హద్దు అదే. వెనక సీట్లలో 22 కిలోల దాకా తట్టుకునేవి ఉంటాయి. డబ్బా మీద 9 నెలలు అని రాసి ఉన్నా నేను ఏడాది నిండేదాకా ఆగాను. ఊరికే కూర్చోవడం వేరు, తల మీద హెల్మెట్ బరువుతో గతుకుల్లో మెడ నిలబెట్టి కూర్చోవడం వేరు. ఇంట్లో హెల్మెట్ పెట్టి పావుగంట నేల మీద కూర్చోబెట్టి చూడండి. తల ముందుకి వాలిపోతుంటే ఇంకో రెండు నెలలు ఆగండి, కొంపలేం మునిగిపోవు. మరో రకం సీట్లూ అమ్ముతున్నారు: కడ్డీ మీద చిన్న గద్దె, పాదాలకి ఆనుడు, వీపుకి ఆసరా గానీ బెల్టు గానీ ఉండవు. అవి గట్టిగా పట్టుకుని కూర్చోగల పెద్ద పిల్లలకి. ధర తక్కువని చిన్నవాళ్లకి కొనకండి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెకండ్ హ్యాండ్ సీట్లు తరచూ కనిపిస్తాయి. తీసుకోవచ్చు. కాకపోతే బాల్కనీలో మూడేళ్లు ఎండకి ఉన్న ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. బెల్టు అతుక్కునే చోట, బ్రాకెట్ కూర్చునే చోట సన్నటి పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడండి. పాదాల పట్టీల్లో ఒక్కటి లేకపోయినా వద్దనేయండి. పిల్లల కాలు ముందు చక్రం స్పోకుల దాకా పోకుండా ఆపేది ఆ పట్టీయే.

బిగించేది మెకానిక్ అయినా మీరు పక్కనే నిలబడండి. బోల్టు ఎంత బిగించాలో సీటుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బిగించాక హ్యాండిల్‌ని కుడికి, ఎడమకి చివరిదాకా తిప్పి చూడండి. సీటుకి ఎక్కడా తగలకూడదు, బ్రేకు కేబుల్ నలగకూడదు. తర్వాత పాపని కూర్చోబెట్టి, ఇంకొకరు సైకిల్ పట్టుకోగా, మళ్లీ తిప్పండి. పిల్లల వేళ్లు హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య పడి నలిగే సందు అప్పుడు బయటపడుతుంది. వారం తొక్కాక బోల్టులు మళ్లీ చూసుకోవాలి, మన రోడ్లకి అవి కొంచెం వదులవుతాయి. కార్బన్ ఫ్రేము సైకిళ్లకి ఈ సీటు పెట్టకండి.

ఇక అసలు సంగతి, ఆగడం.

మామూలుగా సైకిల్ ఆపేటప్పుడు మనం ఏం చేస్తాం? బ్రేకు వేసి, మన సీటు మీంచి ముందుకి జారి, కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడతాం. ముందు సీటు బిగించాక ఆ జారే చోటులో పాప ఉంటుంది. జారడానికి లేదు. దాంతో సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడి సైకిల్‌ని ఒక పక్కకి వంచుతాం. ఖాళీ సైకిల్ అయితే ఆ వంపు ఎవరైనా ఆపగలరు. పైన, ముందు పక్క 12 కిలోలు ఉంటే ఒక హద్దు దాటాక ఆపలేరు. అది ఒరుగుతూనే ఉంటుంది. పక్క స్టాండు విషయంలోనూ ఇంతే. ముందు చక్రం తిరగడానికి స్వేచ్ఛ ఉన్నంతసేపూ స్టాండు వేసిన సైకిల్ నిలకడగా ఉన్నట్టు లెక్క కాదు. రెండు కాళ్ల స్టాండు కొంత నయం. దాని మీద కూడా పిల్లని వదిలి చెయ్యి తియ్యకండి.

కాబట్టి మన సీటు దించుకోవాలి, రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనేంత. ఇక్కడో చిక్కు ఉంది. సీటు దించితే మోకాళ్లు పైకి లేచి పాప సీటుకి తగులుతాయి. తగలకుండా మోకాళ్లు బయటికి పెట్టి కప్పలా తొక్కాలి, పది నిమిషాలకి తొడలు లాగేస్తాయి. మా వారి మౌంటెన్ బైక్ మీద ఇది అస్సలు కుదరలేదు. పైకడ్డీ లేని, హ్యాండిల్ మన వైపు వంగి వచ్చే పాత లేడీస్ సైకిల్ లాంటిదైతే బాగా కుదిరింది. కొత్త గేర్ల సైకిల్ మూలన ఉంది, పాతదే వాడుతున్నాను.

ఎక్కించడానికి మా ఇంట్లో ఇప్పుడు ఒక వరస ఉంది. నీళ్లు, సంచి, ఫోను, గేటు తాళం, నా హెల్మెట్ అన్నీ ముందే అయిపోవాలి. పాప హెల్మెట్ నేల మీద ఉండగానే పెట్టాలి. జడకి పెట్టే మందపాటి రబ్బరు బ్యాండు ఒకటి ముందు బ్రేకు లివర్‌కీ హ్యాండిల్‌కీ కలిపి చుట్టి బ్రేకు బిగిసి ఉండేలా చేస్తాను, ముందు చక్రం దొర్లదు. నేను సైకిల్‌కి అటో కాలు ఇటో కాలు వేసి దాన్ని తొడల మధ్య పట్టుకున్నాక మా వారు పాపని అందిస్తారు. ఆమె ఎక్కడమే ఆఖరి పని, దిగేటప్పుడు ఆమె దిగడమే మొదటి పని. ఇంట్లో ఇంకొకరు లేకపోతే మొదటి నెల అసలు బయల్దేరకండి. వాచ్‌మన్‌ని పిలవడానికి మొహమాటం దేనికి, సైకిల్ పట్టుకోమంటే ఎవరూ కాదనరు.

పాపతో తొక్కే ముందు బియ్యంతో తొక్కండి. పది కిలోల సోనా మసూరి సంచిని సీటులో పెట్టి బెల్టు వేసి, కాంపౌండులో మూడు రోజులు తిప్పండి. ఆగడం, మళ్లీ బయల్దేరడం, ఒంటి చేత్తో పట్టి చెయ్యి చూపించడం, ఇవే ఎక్కువ చేయండి. హ్యాండిల్ బరువెక్కినట్టు, మలుపులో లాగినట్టు అనిపిస్తుంది. సంచి కదలదు, పాప కదులుతుంది. అంచేత బియ్యంతో బాగా వచ్చింది అనుకున్నాక కూడా పాపతో మొదటి వారం కాంపౌండు దాటకండి. బేస్‌మెంట్ ర్యాంపు మీద మాత్రం ఎంత అనుభవం వచ్చినా తొక్కొద్దు. దిగి నడిపించండి, పాపని ఇంకొకరు ఎత్తుకోవాలి.

హెల్మెట్ కొనేటప్పుడు వయసు చెప్పి కొనకండి. టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిచి సెంటీమీటర్లలో అడగండి. కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి, చెవి చుట్టూ పట్టీ కిందికి వి ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే పట్టాలి. లోపల ఈఎన్ 1078 లేదా ఈఎన్ 1080 అనే హెల్మెట్ ప్రమాణం గుర్తు ఉందేమో చూడండి. తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తే మళ్లీ కొలవాలి. గుండుకి పాత హెల్మెట్ వదులైపోతుంది, మాకు అలాగే అయింది. ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపలి ఫోమ్ నలిగి ఉంటుంది, పారేయండి. పార్కులో జారుడుబల్ల ఎక్కే ముందు హెల్మెట్ తప్పకుండా తీసేయండి. పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి ఉరిలా బిగుస్తుంది.

మోటారు బండి మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు, హెల్మెట్, గంటకి 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని కేంద్రం 2022 ఫిబ్రవరి 15న నోటిఫై చేసింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. అది సైకిల్‌కి కాదు. సైకిల్ విషయంలో అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే చూసుకోవాలి.

బట్టల విషయం అమ్మలకి. చున్నీ ఇంట్లో వదిలేయండి. ముడి వేసుకున్నాను కదా అనుకోవద్దు, గాలికి ముడి విప్పుకుని చక్రంలో పడుతుంది. పాప కాళ్లకి పెట్టిన వెండి పట్టీలు తీసేయండి, సీటు పట్టీలో చిక్కుకుంటాయి. చేతికి బిస్కెట్టు, లాలీపాప్ ఇవ్వకండి, గతుకులో గొంతుకి అడ్డం పడొచ్చు. పొద్దున తొక్కేది మనం, మనకి చెమట పడుతుంది. ముందు ఊరికే కూర్చుని గాలంతా తినేది ఆమె. డిసెంబర్ చలికి పాప చేతులు మంచుగడ్డల్లా అయ్యాయి, నేనేమో స్వెట్టర్ విప్పి నడుముకి కట్టుకున్నాను. నిద్ర వేళకి బయల్దేరకండి. సీటులో నిద్రపోతే తల వేలాడుతుంది, అప్పుడు దిగి, ఎత్తుకుని, సైకిల్ నడిపించడమే దారి. మేం అరగంట దాటి వెళ్లం.

బెంగళూరులో దారి ఎంచుకోవడమే సగం పని. ఔటర్ రింగ్ రోడ్డు, దాని సర్వీసు రోడ్డు రెండూ వద్దు. లేఅవుట్ లోపలి అడ్డరోడ్లు, ఆదివారం పొద్దున బళ్లు రాని కబ్బన్ పార్క్ రోడ్లు చాలు. చెరువుగట్ల మీద కొన్నిచోట్ల సైకిళ్లు రానివ్వరు, గేటు దగ్గర బోర్డు చూడండి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు మనకి మామూలే. సీటు మీంచి లేచి దాటే అలవాటు ఉంటే మానుకోండి, లేస్తే మన ఛాతీ పాప హెల్మెట్‌కి తగులుతుంది. నడక వేగానికి తగ్గించి దాటాలి. కుక్క వెంటపడితే వేగం పెంచకండి. ఆగి, రెండు కాళ్లూ నేలకి ఆనించి, గట్టిగా అదిలించండి. పాపతో పరుగు పందెం గెలవలేం.

వానాకాలంలో మాది ఒకటే నియమం: అడుగు కనపడని నీళ్లలోకి సైకిల్ పోదు. అక్కడ గుంత ఉండొచ్చు, పలక లేచిపోయిన డ్రైనేజీ ఉండొచ్చు. ఈ ఊళ్లో సెప్టెంబర్, అక్టోబర్ వానలు ఎక్కువగా సాయంత్రాలే కాబట్టి పొద్దున తిరిగి వచ్చేయండి. చక్రం అంచుని పట్టే రబ్బరు బ్రేకులైతే తడిలో సగం కూడా పట్టవు, డిస్కు బ్రేకులు నయం. బ్రేకులు ఏ రకమైనా, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకండి, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి. జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, కానుగ పూలు రాలి తడిసిన రోడ్డు, అన్నీ జారతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి లేస్తే చెట్టు కింద ఆగకండి, ఇక్కడ కొమ్మలు విరిగిపడటం మామూలే.

దసరాకి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఆయుధపూజ రోజు ఇక్కడ ప్రతి షాపు ముందు, ప్రతి బండి ముందు బూడిద గుమ్మడికాయ పగలగొడతారు. ఆ గుజ్జు, కుంకుమ నీళ్లు కలిసి రోడ్డంతా పరుచుకుంటాయి. మనిషే కాలు జారతాడు, సన్నటి టైరు సంగతి చెప్పక్కర్లేదు. విజయదశమి నాడు, ఆ మర్నాడు మా సైకిల్ బయటికి రాదు. కార్పొరేషన్ వాళ్లు ఊడ్చారో లేదో నేను నడిచి వెళ్లి చూసి వచ్చాకే మూడో రోజు.

మా పాప ఇప్పుడు 13 కిలోల 800. తన హెల్మెట్ నా గడ్డానికి తగలడం మొదలైంది, మోకాళ్లు హ్యాండిల్ దాకా వస్తున్నాయి. సంక్రాంతికి ఊరెళ్తాం, అమ్మమ్మ అరిసెలు పెడుతుంది. తిరిగి రాగానే కాటా ఎక్కించాలి. 15 దగ్గరికి వచ్చి ఉంటే ఈ సీటు విప్పేస్తాను. పిన్ని కూతురికి రెండోదిగా కూడా ఇవ్వను, పాప పడిన రోజు దీనికీ దెబ్బ తగిలింది.