కోత లేకుండా కిడ్నీ రాయి తీయించుకునేవాళ్లకు: స్టెంటు తీసేదాకా పని పూర్తికాదు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి రాయి ఆపరేషనుకు విశాఖకో బరంపురానికో వెళ్లేవాళ్లు రెండు ప్రయాణాలు లెక్కేసుకోవాలి. మొదటిది రాయి కోసం, రెండోది లోపల పెట్టిన స్టెంటు (కిడ్నీ నుంచి మూత్రం సాఫీగా దిగడానికి పెట్టే సన్నని గొట్టం) తీయించుకోవడం కోసం. నొప్పి తగ్గాక వాయిదా పడేది ఈ రెండోదే.

రాయి ఎక్కడుందో, ఎంతుందో సీటీ స్కానులో తేలుతుంది. మూత్రనాళంలో (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టంలో) 5 మి.మీ. లోపు రాయి చాలావరకు దానంతటదే పడిపోతుంది. 10 దాటితే ఆ ఆశ తక్కువ. కిడ్నీలో 20 మి.మీ. దాటితే సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తారు.

మూత్రంలో క్రిములున్నాయేమో చూసే యూరిన్ కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి డాక్టర్ని అడిగి దగ్గర్లోనే ముందుగా చేయించుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఆరోగ్య కార్డు పక్క రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ఫోను చేసి కనుక్కోండి. రాయి అడ్డుపడి చలిజ్వరం వస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ముందు మూత్రానికి దారి చేస్తారు, రాయి పని తర్వాత.

మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నని స్కోపు పంపి, లేజరుతో రాయిని పొడి చేస్తారు. ఒక్కోసారి నాళం ఇరుకై స్కోపు పైకి పోదు. బలవంతం చేస్తే నాళం చిరగొచ్చు. అందుకే స్టెంటు పెట్టి, నాళం వదులయ్యాక మళ్లీ రమ్మంటారు. అది డాక్టరు చేతకానితనం కాదు, ముందుజాగ్రత్తే.

స్టెంటు సుమారు 2 మి.మీ. లావు, 26 సెం.మీ. పొడవు గొట్టం. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం రావడం, పోసేటప్పుడు నడుము పక్క లాగడం, నడిస్తే ఎర్రగా రావడం మామూలే; టామ్సులోసిన్ మాత్ర చాలామందికి ఉపశమనమిస్తుంది. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గడ్డలు గడ్డలుగా రక్తం, మూత్రం ఆగిపోవడం మామూలు కాదు, వెంటనే చూపించాలి.

తీసే తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తీసేస్తారు. మూడు నెలలు దాటనిస్తే స్టెంటు చుట్టూ రాయి కట్టి, దాన్ని తీయడానికే ఇంకో ఆపరేషను కావాల్సి రావచ్చు. వేళకు వెళ్తే జెల్లీ రాసి తీయడం కొద్ది నిమిషాల పని. దారం కట్టి బయటికి వదిలిన స్టెంటైతే ఆ దారాన్ని లాగొద్దు.